జెండా పాతకముందే

ఒకరోజు పొద్దున ఊరి కొండ మీద ఎర్రగుడ్డ కట్టిన కర్రలు కనిపిస్తాయి. ఎవరు పాతారో ఎవరికీ తెలియదు. కొన్నాళ్లకు జేసీబీ వస్తుంది. మేకలు మేసే వాలు మీద పొడవాటి ట్రైలర్లు ఎక్కేంత రోడ్డు పడుతుంది. అప్పుడు మేలుకుంటుంది ఊరు. అప్పుడు అరుపులు, అర్జీలు, తహసీల్దారు ఆఫీసు ముందు టెంటు, పేపర్లో జిల్లా పేజీలో చిన్న ఫొటో. చివరికి ఎవరో నలుగురికి పరిహారం ముడుతుంది, ఇంకో నలుగురి మీద కేసు పడుతుంది, కొండ మీద రెక్కలు తిరుగుతూనే ఉంటాయి.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! ఆ టెంటు కిందికి రమ్మని నేను మిమ్మల్ని పిలవడం లేదు. టెంటు వేసే రోజుకు కాగితాలన్నీ సంతకాలై ఉంటాయి. నేను పిలుస్తున్నది దానికి ఏడాది ముందుకు. ఆ ఎర్రగుడ్డ ఇంకా బజారులో అంగట్లోనే ఉన్నప్పుడు, మీ ఊళ్లో ఏ టవరు ఎక్కడ లేవాలి, ఏ గాలిమర ఎంత దూరాన తిరగాలి అన్న నియమాన్ని మీరే ముందుగా రాసి పెట్టుకునే పనికి.

మిమ్మల్నే ఎందుకంటారా? ఏ వాగు ఎటు పారుతుందో, ఏ గుట్ట మీద ఏ నెలలో గడ్డి లేస్తుందో పెద్దవాళ్లకు కంఠతా వచ్చు. ఇరవై ముప్పై పేజీల జీవో తెరిచి అందులో పనికొచ్చే ఒక్క వాక్యాన్ని పట్టుకోవడం మాత్రం మీ వల్లే అవుతుంది. పోటీ పరీక్షల కోసం 73వ రాజ్యాంగ సవరణను మీరు బట్టీ పట్టారు. 1993 ఏప్రిల్ 24న అమల్లోకి వచ్చింది, పదకొండో షెడ్యూలులో 29 అంశాలు అని గడగడా చెబుతారు. ఆ 29లో 15వది సంప్రదాయేతర ఇంధన వనరులు. గాలి కరెంటు సంగతి పంచాయతీకీ సంబంధించినదేనని రాజ్యాంగంలో ఉందన్నమాట. రాష్ట్రాలు ఆ అధికారాన్ని నిజంగా కిందికి దించాయా అంటే, అది వేరే కథ. కానీ మీకు మార్కు తెచ్చిపెట్టిన ఆ వాక్యాన్ని మీ ఊరి గ్రామసభలో ఒక్కసారైనా పైకి చదివారా?

తొందరపడాల్సిన సమయం కూడా ఇదే. 1990ల్లో రామగిరి కొండల మీద మొదలైన గాలిమరలు ఉరవకొండ, వజ్రకరూరు మైదానాలను దాటి కర్నూలు, కడప వైపు పాకాయి. ఆంధ్రప్రదేశ్‌లో వాటి సామర్థ్యం ఇప్పటికే సుమారు 4 వేల మెగావాట్లు. 2024 అక్టోబరులో రాష్ట్ర ప్రభుత్వం తెచ్చిన సమీకృత క్లీన్ ఎనర్జీ విధానం 10 లక్షల కోట్ల రూపాయల పెట్టుబడులను లక్ష్యంగా పెట్టుకుంది. అందులో సగం వచ్చినా, నాలుగో వంతు వచ్చినా, సీమలో కొండ అన్నది లెక్కలోకి రాకుండా పోదు. నేను గాలిమరలకు వ్యతిరేకిని కాను. బొగ్గు కాల్చే స్టేషన్‌కు నీళ్లు కావాలి, గాలిమరకు అక్కర్లేదు. తాగునీటికి ట్యాంకర్ కోసం ఎదురుచూసిన జిల్లాలకు ఆ తేడా చిన్నది కాదు. వద్దు అనడం నా ఉద్దేశం కాదు. ఎక్కడ, ఎంత దూరాన, ఏ షరతు మీద అన్న మూడు ప్రశ్నలూ ఊరే అడగాలంటున్నాను.

ఊరే అడగాలని ఎందుకంటున్నానో చూడండి. సిమెంటు ఫ్యాక్టరీ పెట్టాలంటే పర్యావరణ అనుమతి కావాలి, ప్రజాభిప్రాయ సేకరణ జరగాలి. షామియానా వేసి, కలెక్టరేట్ నుంచి అధికారి వచ్చి, మైకు మీకిచ్చి మాట్లాడమంటారు. గాలి విద్యుత్‌కు అదేమీ లేదు. 2006 నాటి పర్యావరణ ప్రభావ అంచనా నోటిఫికేషన్ జాబితాలో గాలిమరలు లేనే లేవు. పొగ రాదు కాబట్టి అంచనా అక్కర్లేదనుకున్నారు. పొగ రాని మాట నిజమే. కానీ కొండ తొలిచి వేసిన రోడ్డు, తెగిన వాలు, కొట్టుకుపోయే మట్టి, పూడిపోయే చెరువు, వీటిలో దేనికీ పొగ ఉండదు. మీకు మైకు ఇచ్చే షామియానా రాదు కాబట్టి, ఆ మాటలన్నీ చెప్పుకోవడానికి మిగిలిన చోటు గ్రామసభ ఒక్కటే.

నియమాలు అసలే లేవా అంటే ఉన్నాయి. కేంద్ర నవ్య, పునరుత్పాదక ఇంధన మంత్రిత్వ శాఖ 2016 అక్టోబరులో మార్గదర్శకాలు ఇచ్చింది. శబ్దం ఇబ్బంది పెట్టకుండా, మనుషులు ఉండే ఇంటికి 500 మీటర్ల లోపు గాలిమర నిలపకూడదు. రోడ్డుకు, రైలు పట్టాలకు, భవనాలకు, హైటెన్షన్ లైనుకు ఎంత దూరం ఉండాలో ఒక లెక్క చెప్పింది: స్తంభం ఎత్తు, దానికి రెక్కల చక్రం వ్యాసంలో సగం, ఆపైన ఇంకో 5 మీటర్లు. మీరే వేసి చూడండి. స్తంభం 120 మీటర్లు, రెక్కల చక్రం 140 మీటర్లు అనుకుంటే, 120కి 70 కలిపి, 5 కలిపితే 195 మీటర్లు. రేపు అది కూలినా రోడ్డు మీద పడకూడదన్నది అందులోని ఆలోచన. ఈ లెక్కకు ఇంజినీరింగ్ డిగ్రీ అక్కర్లేదు, ఏడో తరగతి కూడిక చాలు. ఇల్లు, బడి, గుడి, గొర్రెల దొడ్డి, బోరు, ఇవన్నీ ఫోన్‌లోని మ్యాపులో గుర్తుపెట్టి దూరాలు కొలిచే పని ఒక ఆదివారం పూట చేసేయొచ్చు. మన గొల్ల సోదరులు నెలల తరబడి గుట్టల దగ్గర దొడ్ల పక్కనే పడుకుంటారు. ఆ గుడిసె ఇల్లా కాదా అన్న ప్రశ్న ఆఫీసులో ఎవరికీ తట్టదు. మీకు తట్టాలి, మీరు దాన్ని మ్యాపులో పెట్టాలి.

ఇంకో మాట. అవి మార్గదర్శకాలు. మార్గదర్శకాన్ని ఎవరూ అడగకపోతే అది ఫైల్లోనే నిద్రపోతుంది. దాన్నే మీ గ్రామసభ తీర్మానంలో షరతుగా రాయిస్తే, కలెక్టరైనా కోర్టైనా దాన్ని చదవక తప్పదు.

ఇప్పుడు కల్పవల్లి సంగతి. ఈ కథను మీరు తప్పకుండా తెలుసుకోవాలి, అనంతపురం వాళ్లయితే మరీను. ఇప్పుడు శ్రీ సత్యసాయి జిల్లాలో ఉన్న చెన్నేకొత్తపల్లి, రొద్దం ప్రాంతంలో వేల ఎకరాల గుట్టలు ఒకప్పుడు బోడిగా ఉండేవి. చెట్లు నరికేశారు, మేపి మేపి గడ్డి వేరు దాకా పోయింది. 1990ల నుంచి టింబక్టు కలెక్టివ్ తోడుతో చుట్టుపక్కల ఊళ్లవాళ్లు ఆ గుట్టలను కాపాడటం మొదలుపెట్టారు. ఎండాకాలం మంటలు రాకుండా కావలి కాశారు, మేతకు కట్టుబాటు పెట్టుకున్నారు, విత్తనాలు చల్లారు. మెల్లగా గడ్డి లేచింది. వాగుల్లో ఈతచెట్లు వచ్చాయి. తోడేళ్లు తిరిగొచ్చాయి. కింది చెరువుల్లోకి నీళ్లు దిగాయి. బుట్టలల్లేవాళ్లకు ఈతాకు, పశువులకు మేత, ఇంటి కప్పుకు బోద దొరికాయి. ఊళ్లు కలిసి సహకార సంఘం పెట్టుకున్నాయి.

అన్నీ చేశారు, ఒక్కటి తప్ప. రెవెన్యూ రికార్డులో ఆ నేల బంజరుగానే ఉండిపోయింది. ఇరవై ఏళ్ల చెమట అడంగల్‌లోకి ఎక్కలేదు. 2010 తర్వాత ఆ కొండల మీద గాలిమరల ప్రాజెక్టు వచ్చినప్పుడు, ప్రభుత్వం దృష్టిలో అది ఎవరికీ అక్కర్లేని భూమి. కొండ శిఖరాల వెంట రోడ్లు తెగాయి, తవ్విన మట్టి, రాళ్లు వాలుల మీద దొర్లి వాగుల్లో పడ్డాయి. వివాదం జాతీయ హరిత ట్రిబ్యునల్ దాకా వెళ్లింది. ఆ ఊళ్లవాళ్లు కష్టపడలేదని ఎవరూ అనలేరు, పోరాడలేదనీ అనలేరు. అయినా వాళ్లకు ఎదురైన మొదటి గోడ ఒక రిజిస్టరులోని ఒక గడి. మీ ఊరి మేత పోరంబోకు, గుట్ట పోరంబోకు, చెరువు కట్ట, వీటి సర్వే నంబర్లు ఈ వారమే తీసి, రికార్డులో ఏమని రాసి ఉందో చూడండి. ఊరు వాడుకుంటున్న తీరుకూ రికార్డుకూ పొంతన లేకపోతే, మొదటి తీర్మానం దాని మీద చేయించండి. డీకేటీ పట్టా భూముల విషయంలో మరింత జాగ్రత్త: పేదలకిచ్చిన ఆ భూములు చేతులు మారడంపై 1977 చట్టం ఉంది, దానికి తర్వాత సవరణలూ వచ్చాయి. ఎవరైనా వచ్చి తెల్లకాగితం మీద లీజు రాయించుకుంటానంటే ముందు ఆ చట్టం చదివి మాట్లాడండి.

సెల్‌టవర్ల దగ్గరికి వస్తే కథ తిరగబడుతుంది. గాలిమరల దగ్గర మనవాళ్లు భయపడాల్సినంత భయపడరు, టవర్ల దగ్గర అక్కర్లేని భయం పడతారు. టవరు వేస్తే పిచ్చుకలు చస్తాయి, క్యాన్సర్ వస్తుంది అని వాట్సాప్‌లో తిరిగే మాటలు పట్టుకుని ధర్నాకు దిగితే ఆ ధర్నా మొదటి రోజే వీగిపోతుంది. తెలిసినంత చెప్పుకుందాం. టవరు నుంచి వచ్చే తరంగాలు ఎక్స్‌రేల జాతివి కావు. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 2011లో రేడియో తరంగాలను 2బి వర్గంలో, అంటే క్యాన్సర్‌కు కారణమయ్యే అవకాశాన్ని కొట్టిపారేయలేని వాటిలో చేర్చింది, కారణమని తేల్చలేదు. మన దేశం 2012 సెప్టెంబరు నుంచి అంతర్జాతీయ పరిమితిలో పదో వంతును మాత్రమే అనుమతిస్తోంది: 900 మెగాహెర్ట్జ్ దగ్గర చదరపు మీటరుకు 0.45 వాట్లు. అనుమానం ఉంటే కొలిపించుకోవచ్చు. తరంగ్ సంచార్ పోర్టల్‌లో 4 వేల రూపాయలు కట్టి అర్జీ పెడితే టెలికాం శాఖవాళ్లు వచ్చి కొలుస్తారు. హైదరాబాద్‌లో అపార్టుమెంటు సంఘాల్లో ఏళ్లకేళ్లు తగాదా పడేకన్నా ఆ 4 వేలు పంచుకోవడం నయం.

టవరు దగ్గర అసలు అడగాల్సినవి వేరే. డాబా మీద పెడుతున్న ఆ బరువును ఆ పాత స్లాబు మోస్తుందా? ఇంజినీరు ఇచ్చిన ధ్రువపత్రం ఏది? రాత్రంతా మోగే డీజిల్ జనరేటరు మాటేమిటి? నివాస ప్రాంతాల్లో రాత్రిపూట శబ్దం 45 డెసిబెల్స్ దాటకూడదని 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనలు చెబుతున్నాయి. ఇలాంటి ప్రశ్నకు జవాబు చెప్పక తప్పదు. భయానికి జవాబు చెప్పనక్కర్లేదు, దాన్ని పక్కకు నెట్టేస్తారు.

అదీగాక ఇక్కడ పంచాయతీ చేతిలోని తాడు ఏటా పొట్టిదవుతోంది. ప్రైవేటు స్థలంలో టవరు కట్టడానికి స్థానిక సంస్థ అనుమతి అక్కర్లేదు, ముందుగా రాతపూర్వకంగా తెలిపి భద్రతా ధ్రువపత్రం జతచేస్తే చాలు అని 2022లో నిబంధనలు మార్చారు. 2016 డిసెంబరులో సుప్రీంకోర్టు, సెల్‌టవర్ల మీద స్థానిక సంస్థలు ఆస్తిపన్ను వేయొచ్చని తీర్పునిచ్చింది. మునిసిపాలిటీలు సంబరపడ్డాయి. ఏడేళ్లకు 2023 టెలికమ్యూనికేషన్స్ చట్టం వచ్చి, టెలికాం నెట్‌వర్కును అది నిలబడిన ఆస్తిలో భాగంగా పన్నుకు లెక్కించకూడదని రాసేసింది. ఢిల్లీలో ఒక పేరా మారితే మీ పంచాయతీ పద్దులో ఒక వరుస చెరిగిపోతుంది. ఆ పేరా ముసాయిదాగా ఉన్నప్పుడు అభిప్రాయాలు పంపమని ప్రకటన ఇస్తారు. తెలుగు పల్లె నుంచి ఎన్ని జవాబులు వెళ్లి ఉంటాయి? ఈసారి మీరు పంపండి. తప్పుల్లేని ఇంగ్లిషు కోసం ఆగొద్దు, తెలుగులోనే పంపండి.

అన్నట్టు, టవరు పెడతాం, నెలనెలా అద్దె ఇస్తాం, ముందు రిజిస్ట్రేషన్ ఫీజు కట్టండి అంటూ రైతులకు ఫోన్లు చేసే ముఠాలు ఉన్నాయి. స్థలం ఇచ్చేవాడు ఎవరికీ డబ్బు కట్టనక్కర్లేదు, టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ అలాంటి అనుమతి పత్రాలేవీ ఇవ్వదు. మీ నాన్నకు, మీ పెదనాన్నకు ఈ ఒక్క ముక్క ఇవాళ రాత్రి భోజనాల దగ్గర చెప్పండి.

టవరు కావాలని అడగడం కూడా ఉద్యమమే. అల్లూరి సీతారామరాజు జిల్లా కొండల్లో సిగ్నల్ కోసం గుట్టెక్కే గూడేలు ఉన్నాయి. 108కి ఫోన్ చేయాలంటే కిలోమీటర్లు నడవాలి. కేంద్ర మంత్రివర్గం 2022 జులైలో 24,680 ఊళ్లకు 4జీ ఇవ్వడానికి 26,316 కోట్ల రూపాయల పథకాన్ని ఆమోదించింది. మీ గూడెం ఆ జాబితాలో ఉందా? షెడ్యూల్డ్ ప్రాంతంలో మీ గ్రామసభకు ప్రత్యేక అధికారాలిచ్చే పీసా చట్టం బలం ఉంది. ఒడిశాలోని నియమగిరిలో 2013లో ఏం జరిగిందో గుర్తు చేసుకోండి: సుప్రీంకోర్టు ఆదేశంతో 12 గ్రామసభలు పెట్టారు, పన్నెండూ బాక్సైట్ తవ్వకం వద్దన్నాయి, తవ్వకం ఆగింది. వద్దనడానికి పనికొచ్చిన సభ, కావాలనడానికీ పనికొస్తుంది. టవరు ఫలానా గుట్ట మీద పెట్టండి, ఫలానా దేవర కొండ మీద వద్దు అని చోటుతో సహా రాసి పంపండి.

రాతలో ఉన్న బలం ఎంతో తెలియాలంటే ఒకసారి అమెరికా వెళ్లొద్దాం. జార్జియాలో అట్లాంటాకు ఉత్తరాన రాస్‌వెల్ అనే ఊరుంది. ఆ చుట్టుపక్కలున్న ఆల్ఫారెట్టా, కమింగ్ మీకు తెలిసే ఉంటాయి, మీ అన్నో బాబాయో అక్కడ ఉండే ఉంటారు. 2010లో ఇళ్ల మధ్య ఉన్న ఖాళీ స్థలంలో 108 అడుగుల టవరును చెట్టు ఆకారంలో కడతామని టీ-మొబైల్ అడిగింది. జనం సభకొచ్చి వద్దన్నారు. నగర పాలకమండలి కాదంది. రెండు రోజులకు కాదన్న ఉత్తరం పంపింది, కారణాలు మాత్రం రాయలేదు. కారణాలున్న సభ మినిట్స్ బయటికొచ్చింది ఆ ఉత్తరం వెళ్లిన 26 రోజులకు. కంపెనీ కోర్టుకెళ్లింది. 2015 జనవరిలో అమెరికా సుప్రీంకోర్టు నగరానికి వ్యతిరేకంగా తీర్పునిచ్చింది: కారణాలు ఉత్తరంలోనే ఉండనక్కర్లేదు, కానీ దాదాపు అదే సమయంలో రాతపూర్వకంగా ఇవ్వాలి, మీరు ఇవ్వలేదు అంది. వాళ్ల 1996 టెలికాం చట్టం ప్రకారం, టవరు ఎక్కడుండాలో తేల్చే జోనింగ్ అధికారం ఊరిదే, కానీ పరిమితిలో ఉన్న రేడియేషన్‌ను సాకుగా చూపి కాదనకూడదు. కాదంటే రాతలో చెప్పాలి, ఆ రాతకు ఆధారం చూపాలి. అంత సంపన్నమైన ఊరు, అంతమంది లాయర్లున్న ఊరు, మినిట్స్ ఆలస్యమై కేసు పోగొట్టుకుంది. మన పంచాయతీల్లో మినిట్స్ పుస్తకం ఎక్కడుందో కార్యదర్శికే గుర్తుండదు. అక్కడ నివసించే తెలుగు కుర్రాళ్లకూ ఇదే చెబుతున్నాను: మీ కౌంటీ జోనింగ్ సభలు జనం కోసమే పెడతారు, మూడు నిమిషాల మైకు మీకూ ఇస్తారు. సంక్రాంతి సంబరాలకు హాలు బుక్ చేసిన ఉత్సాహంలో కొంచెం అటు మళ్లించండి.

నియమం రాయడమంటే ఎంత కఠినంగా రాస్తే అంత గొప్ప అనుకునేవాళ్లు ఉంటారు. జర్మనీలో బవేరియా రాష్ట్రం 2014లో అదే చేసింది. గాలిమర ఎత్తుకు పది రెట్ల దూరం లోపు ఇల్లు ఉండకూడదంది. 200 మీటర్ల గాలిమరకు 2 కిలోమీటర్లన్నమాట. ఇళ్లు దగ్గరదగ్గరగా ఉన్న ఆ నేల మీద అలాంటి చోటు ఎక్కడ దొరుకుతుంది? కొత్త గాలిమరలు దాదాపు ఆగిపోయాయి. చివరికి 2022లో ఆ నియమాన్ని సడలించుకోవాల్సి వచ్చింది. డెన్మార్క్ వాళ్లు ఎత్తుకు నాలుగు రెట్ల దూరంతో సరిపెట్టుకుని, ఇంకో తెలివైన పని చేశారు. 2009 నుంచి పదేళ్లకు పైగా, కొత్త గాలిమరలో 20 శాతం వాటాలను నాలుగున్నర కిలోమీటర్ల లోపు ఉండేవాళ్లకు కొనుక్కునే అవకాశం ఇవ్వాలన్న చట్టాన్ని అమలు చేశారు. చప్పుడు భరించేవాడికి వాటా దక్కాలన్నమాట. నాకు ఈ రెండో దారి నచ్చుతుంది. మన దగ్గర అలాంటి చట్టం లేదు. లేదు కాబట్టి అడగకూడదని ఎక్కడా లేదు. ఊరి కొండ మీద గాలికి ఊళ్లో ఒక్క బడికైనా, ఒక్క చెరువు పూడికతీతకైనా ఏటేటా సొమ్ము రావాలని తీర్మానంలో రాయండి.

ఇంకా ఏమేం రాయాలో నన్ను అడిగితే చెబుతాను. కొండ మీద వేసే రోడ్డు పక్కన నీళ్లు పోయే కాలువ, వాలుకు రాతి కట్టు ఎవరు కట్టాలి, వానాకాలం ముందు ఎవరు చూడాలి. మేతకు పశువులు వెళ్లే దారికి కంచె వేయకూడదని. బట్టమేక పిట్ట ఒకప్పుడు రోళ్లపాడులో ఎగిరేది. దానిలాంటి బరువైన పక్షులు కరెంటు తీగలకు తగిలి చస్తాయని రాజస్థాన్ విషయంలో సుప్రీంకోర్టు దాకా కేసు నడిచింది. మీ ఊళ్లో ఏ పక్షి ఏ చెరువు మీద దిగుతుందో రాసి, తీగలు ఆ దారిన వద్దని అడగండి. అన్నిటికన్నా ముఖ్యం, పాతికేళ్లకు ఆ యంత్రం ముసలిదైపోయాక దాన్ని ఎవరు విప్పుతారు, కాంక్రీటు దిమ్మె ఎవరు తవ్వి తీస్తారు, కరగని ఆ ఫైబర్ రెక్కలు ఎక్కడికి పోతాయి? అప్పటికి కంపెనీ పేరు మారి ఉంటుంది, ఆఫీసు మారి ఉంటుంది. మీరు మాత్రం యాభైకి దగ్గర పడుతూ ఆ ఊళ్లోనే ఉంటారు. విప్పే ఖర్చు ఇప్పుడే డిపాజిట్ చేయమని అడిగే హక్కు మీ తరానికి ఉన్నంతగా ఇంకెవరికీ లేదు.

ఇక బయల్దేరండి. నలుగురు చాలు, నలభై మంది అక్కర్లేదు. పంచాయతీకి సమాచార హక్కు అర్జీ పెట్టండి. గ్రామస్థాయిలో రుసుము లేదు, 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. ఇప్పటిదాకా టవర్లకు, గాలిమరలకు ఏమేం అనుమతులిచ్చారు, ఏ తేదీ గ్రామసభలో, హాజరు పట్టీలో ఎవరి సంతకాలున్నాయి అని అడగండి. చనిపోయినవాళ్లు కూడా సభకొచ్చి సంతకం పెట్టినట్టు కనిపిస్తే ఆశ్చర్యపోకండి. తర్వాతి గ్రామసభ తేదీ కనుక్కోండి. దండోరా వేయలేదంటే వేయించండి. అమ్మల్ని తీసుకెళ్లండి, మేకలు కాసే తాతను ముందు వరుసలో కూర్చోబెట్టండి, వాలు ఎక్కడ జారుతుందో ఆయన చెబితే మీరు మ్యాపులో చూపించండి. తీర్మానం ముసాయిదా ముందురోజే తెలుగులో రాసుకెళ్లండి, ప్రతి షరతు కింద కారణం రాయండి. సభ అయ్యాక మినిట్స్ చదివి వినిపించమనండి. మీరు చెప్పింది అందులో ఉంటేనే సంతకం పెట్టండి. నకలు అడగండి. రేపు రండి ఇస్తాం అంటే, అక్కడే బెంచీ మీద కూర్చోండి.